నేను మార్చిన ఒక్క మాట

నాన్నా, నేను కులాసా, బెంగపడకండి.

నేరకథనాలు, మిస్టరీ నవలలు రాసే మా గురువుగారు హత్య కేసు మీద రాసిన వ్యాసానికి పోయిన వారం నేనే సాపు ప్రతి రాశాను. "నిందితుడు" అన్న మాట చప్పగా ఉందనిపించి "హంతకుడు" అని మార్చాను. పత్రికలో అలాగే అచ్చయింది. ఇవాళ ఆ నిందితుడి తల్లి ఆఫీసుకు వచ్చింది.

"కేసింకా తేలనే లేదు కదయ్యా, తీర్పు మీరే ఇచ్చేశారా?"

"తప్పు నాదేనమ్మా," అన్నారు గురువుగారు, నావైపు చూడకుండా.

ఆవిడింకా బయట బల్ల మీదే కూర్చుంది. చెల్లి దగ్గు తగ్గిందా? అలమరలో ఉన్న నా నిఘంటువు పంపండి. ఈ కార్డు మీకు అందేలోపు ఆ మాట నాదేనని ఆవిడతో చెప్పేసి ఉంటాను. పని పోయినా పోవచ్చు. అమ్మకు నమస్కారాలు. మీ దీవెన అప్పటికి ఆలస్యమైనా సరే, దీవించండి.

మీ పెద్దాడు