నీ సున్నా నాకొచ్చింది

మల్లన్నా,

నువ్వు పోయాక ఇవాళే మళ్లీ చాయ్ టైములో మన లెక్కల ఆట పెట్టాను. మగ్గాల షెడ్డులో సాంచెలు ఎప్పటిలాగే మొత్తుకుంటున్నాయి.

పైకి పోయి ఆట మరిచిపోయి ఉంటావు గనక చెబుతున్నాను. మొదటివాడు ఒకటి నుంచి ఆరు దాకా ఏదో ఒక అంకె అంటాడు, రెండోవాడూ అదే అంటాడు. ఆ తర్వాత ప్రతివాడూ వెనకటి రెండూ కలిపి చెప్పాలి. ఏడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే ఏడు తీసేయాలి. సున్నా వచ్చినవాడు పాట పాడాలి. మూడు, మూడు, ఆరు, రెండు, ఒకటి, మూడు, నాలుగు, సున్నా. దేనితో మొదలుపెట్టినా సున్నా ఎనిమిదోవాడికే వస్తుందని నేను కనిపెట్టాను. అందుకే మన ఎనిమిది మందిలో నేను మొదట కూర్చుని, గుండ్రంగా తిరిగి నా పక్కకొచ్చే చివరి చోటు నీకిచ్చేవాణ్ణి.

ఒకరోజు నవ్వాపుకోలేక చెప్పేస్తే, "నాకెప్పుడో ఎర్కనేరా దొంగోడా! ఊకెనే పాడుతనంటె మీరు ఇంటరా?" అన్నావు.

ఇవాళ ఏడుగురమే. మూడుతో మొదలుపెట్టాను. నీ చోటు ఖాళీ కదా, ఎనిమిదో లెక్క తిరిగి నా మీదికే వచ్చింది. ఇంత తెలివిగలవాణ్ణి, అది ముందే తట్టలేదు.

"దొరికినవ్ కాకా! జర గట్టిగ పాడు!" అని ఒకటే ఈలలు.

నా గొంతు నీకు తెలుసుగా, తెగిన బెల్టు. నీ పాటే ఎత్తుకున్నాను. రెండో చరణం మరిచిపోతే, నిన్ను ఏనాడూ సాఫీగా పాడనివ్వని ఆ ఆరుగురే అందుకుని పూర్తి చేశారు.

రేపు మొదలుపెట్టడం ఇంకొకరికి అప్పగిస్తే తప్పించుకోవచ్చు. అప్పగించను.

నీ పక్కవాడు