వాగొడ్డు ఇంటిపేరు

14 ఫిబ్రవరి 2025, శుక్రవారం. మబేలా

బట్టలు ఉతుకుతుంటే ఇనాయత్ ఫోన్. హమ్రియాలో టైపింగ్ షాపు నడుపుతాడు, కడప మనిషి. మా కంపెనీ వాళ్ళ కాగితాలన్నీ అతని చేతి మీదుగానే వెళ్తాయి. వీసా పోయి చిక్కుకున్నవాళ్ళని ఇంటికి పంపే పని కూడా పెట్టుకున్నాడు, ఊరికే.

"అన్నా, నీ ఇంటిపేరు మనిషి బర్కాలో ఉండాడు. ముసలాయప్ప. నీకేమైతాడో వచ్చి చూడు" అన్నాడు.

అలాంటివాడు ఎవడూ ఉండడన్నాను. ఏడిళ్ళ వాళ్ళం, అందరూ మా తాత సంతానమే. గల్ఫ్‌లో ఉన్నది నేనొక్కడినే.

"ఆయప్ప ఇంటిపేరు వాగొడ్డు అనే చెప్తాండాడు. వాగొడ్డు అని ఇంకెవురన్నా పెట్టుకుంటారా?"

15 ఫిబ్రవరి

డ్యూటీలో అదే ఆలోచన. మా స్టోర్‌లో నలుగురు కుమార్లు, ముగ్గురు ఖాన్లు. వాగొడ్డు నేనొక్కడినే. కేరళ ఇంజనీర్‌కి నోరు తిరగక 'వగోడా' అంటాడు. నాకు లోపల గర్వంగానే ఉంటుంది. ఫేస్‌బుక్‌లో ఎన్నిసార్లు వెతికినా మా అన్నదమ్ముల పిల్లలే వస్తారు.

నాయన చెప్పేవాడు. వర్షాకాలంలో ఊరి మీదికొచ్చే వాగుకి మా ముత్తాత రాతికట్ట వేశాడట. నిజాం కాలపు అధికారి గుర్రం దిగి వచ్చి చూసి, ఈ ఒడ్డు నీదే అని ఎనిమిదెకరాలు రాసిచ్చాడట. అలా వాగొడ్డు వాళ్ళమయ్యాం.

ఈ కథ నేను చాలామందికి చెప్పాను. సుమలతకి పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాను.

21 ఫిబ్రవరి, శుక్రవారం

ఇనాయత్‌తో బర్కా వెళ్ళొచ్చాను. ఖర్జూరపు తోట. సగం చెట్లు కొట్టేశారు. పాత అర్బాబ్, అంటే తోట యజమాని, చనిపోయాక కొడుకు అక్కడ షాలేలు అనే వారాంతపు విడిది ఇళ్ళు కడుతున్నాడు. స్విమ్మింగ్ పూల్ కోసం తవ్విన గుంత పక్కనే మోటారు గది. ముసలాయన ఉండేది అందులోనే. రెండేళ్ళ కింద చెట్టు మీంచి పడి తుంటి విరిగిందట. కర్ర లేకపోతే లేవలేడు.

నన్ను చూసి కర్ర పట్టుకుని లేచాడు. "చిన్న పటేలా" అన్నాడు. గదవ అచ్చం మా నాయనదే అన్నాడు.

అప్పుడు గుర్తుపట్టాను. మా జీతగాడు కొమురయ్య కొడుకు ఇస్తారి. మా కొట్టంలో పెరిగినవాడు. వాడికి ఇంటిపేరు ఒకటుందని మా ఇంట్లో చాలాకాలం ఎవరమూ అనుకోలేదు.

2003లో పోస్ట్‌మ్యాన్ ఒక పాస్‌పోర్ట్ కవర్ మా ఇంటికి తెచ్చాడు. వాగొడ్డు అని ఉంటే మాదే అనుకున్నాడు. తెరిస్తే ఇస్తారి ఫోటో. నాయన ముఖం నల్లబడింది. పాస్‌పోర్ట్ బీరువాలో పెట్టి తాళం వేశాడు. వరికోతలన్నీ చేయించుకుని, ఊళ్ళో మళ్ళీ ఆ పేరు ఎత్తనని అందరి ముందు అనిపించి, అప్పుడిచ్చాడు. నాకు ఇరవయ్యేళ్ళు. అన్నయ్య, నేను ఆ ఫోటో చూసి నవ్వుకున్నాం.

ఈరోజు నేను మొదట అడిగిన మాట: "ఇస్తారీ, మా పేరు నీకెందుకురా?"

అతను స్టీలు గిన్నెలో ఖర్జూరాలు పెట్టి నా ముందుకు జరిపాడు. ఇనాయత్ నేల చూపులు చూశాడు.

22 ఫిబ్రవరి

అతనికి అరవై ఆరేళ్ళు. నేను 'ఎందుకురా' అన్నాను.

28 ఫిబ్రవరి, శుక్రవారం

ఇనాయత్ చెప్పింది ఇది. వీసా పోయినవాళ్ళు ఫైన్ లేకుండా వెళ్ళిపోయే గడువు నడుస్తోంది. ఇస్తారి పాస్‌పోర్ట్ పాత అర్బాబ్ దగ్గరే పోయింది. మిగిలింది పన్నెండేళ్ళ కింద ముగిసిన రెసిడెంట్ కార్డు. దాంట్లో 'ఇస్తారి కొమురయ్య' అని మాత్రమే ఉంది, ఇంటిపేరు లేదు. ఔట్‌పాస్, అంటే పాస్‌పోర్ట్ బదులు ఇంటికి పోయే కాగితం, రావాలంటే ఈ మనిషి మా ఊరివాడే అని ఊరినుంచి కాగితం, ఇద్దరు పెద్దమనుషుల సంతకాలు కావాలి. మా ఊళ్ళో పెద్దమనిషి అంటే మా అన్నయ్య నర్సింగ్. రెండుసార్లు సర్పంచ్.

ఫోన్ చేసే ముందు మళ్ళీ బర్కా వెళ్ళాను. ఈసారి మర్యాదగా అడిగాను, ఆ పేరు ఎక్కడిదని.

ఇస్తారి గోడకి ఆనుకుని కూర్చుని కర్ర పక్కన పెట్టుకున్నాడు. తర్వాత చెప్పాడు.

"మా ముత్తవ్వ రెండో పెండ్లాం పటేలా. మొగడు సచ్చినంక మొదటామె కొడుకులు పిల్లలతోని సహా ఊరవతలికి ఎల్లగొట్టిన్రు. వాగు ఒడ్డుకు గుడిసె ఏసుకున్నది. గందుకే వాగొడ్డోళ్ళన్నరు. తిట్టు లెక్కనే అన్నరు. ఆమె, ఆమె కొడుకు మల్లయ్య రాళ్ళేరి, తుమ్మలు కొట్టి ఆ చెలక చేసిన్రు. భూమి పహాణీల వాగొడ్డు మల్లయ్య అని ఎక్కింది. ఆ మల్లయ్య మా తాత."

మా తాత పేరు కూడా మల్లయ్యే.

"మా తాత గత్తరొచ్చి సచ్చిపోయిండు. మా నాయనకు నాలుగేండ్లు. మీ తాత బండారి మల్లయ్య. పట్వారీ దగ్గర రాతపని చేస్తుండె. కొత్త సర్వే అయినప్పుడు, పహాణీల ఉన్న మల్లయ్యను నేనే అన్నడు. ఆ దినం సంది మీరు వాగొడ్డోళ్ళయిన్రు. మా నాయన తన భూమిలనే మీకు జీతం ఉన్నడు."

గొంతు పెంచలేదు. వేరే ఎవరిదో సంగతి చెప్పినట్టు చెప్పాడు. అబద్ధమని అరవాలనిపించింది. అరవలేదు. రాతికట్ట గుర్తొచ్చింది. చిన్నప్పటినుంచీ ఆ వాగు మీద నేను ఏ కట్టా చూడలేదు.

3 మార్చి

అన్నయ్యకి ఫోన్ చేశాను. అంతా చెప్పి, నిజమేనా అని అడిగాను. కాదంటాడనే ఎదురుచూశాను.

నవ్వాడు. "ఊరందరికి తెలుసు. నీకే తెల్వది. నువ్వు చిన్నోనివని నాయన చెప్పలే."

సంతకం సంగతి అడిగాను. పెట్టనన్నాడు. ఒడ్డు పక్కనుంచి బైపాస్ వస్తోంది. కొలతలు అయిపోయాయి. "ఇప్పుడు గాడు వాగొడ్డు అని సర్కార్ కాగితం మీద నేనే రాసిస్తే, రేపు గాడో, గాని పెండ్లామో వచ్చి నిలబడితే ఏమంటవ్? అక్కడనే ఉండనియ్. ఇన్నేండ్లు ఉన్నడు గదా."

ముసలాయన కుంటివాడని చెప్పాను. షాలేలు అయిపోతే మోటారు గది కూడా ఉండదని చెప్పాను.

"నువ్వు మంచోనివి, నేను చెడ్డోన్ని. సరేనా?" అని పెట్టేశాడు.

4 మార్చి

సుమలత ఫోన్. అన్నయ్య ఆమెకి అప్పుడే చెప్పేశాడు. బైపాస్ పక్కన మన వాటా రెండెకరాలు, కూతురు సంధ్య ఇంటర్‌కి వచ్చింది, పద్నాలుగేళ్ళుగా నువ్వు అక్కడ, నేను ఇక్కడ అద్దె ఇంట్లో అంది. ధర్మరాజు వేషాలు వద్దంది. ఏడ్చింది కూడా. నాకు కోపం రాలేదు. ఆమె అన్న ప్రతి మాటా నేను ముందే అనుకున్నదే.

9 మార్చి

ఇస్తారి భార్య శాంతవ్వ భివండీ పోయిందట, తమ్ముడి దగ్గరికి. ఆమె అద్దె ఖోలీ మారింది, ఇతని ఫోన్ పోయింది. కాగితాలు లేని మనిషి ఎవరినడుగుతాడు? పన్నెండేళ్ళయింది మాట లేక.

మనవాళ్ళున్న వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టాను: వాగొడ్డు ఇంటిపేరు వాళ్ళు ఎవరైనా ఉన్నారా? సూరత్: లేరు. సోలాపూర్: లేరు. దుబాయ్, దోహా: లేరు. ముంబయి నుంచి ఒకడు, ఇదేం పేరన్నా అని నవ్వుల బొమ్మలు పెట్టాడు. నాలుగోనాడు భివండీ నుంచి ఒక కిరాణా అతను: మా గల్లీలో వాగొడ్డు శాంతవ్వ అని ఒక ముసలామె ఉంది.

అపురూపమైన పేరు కాబట్టే దొరికింది. శాంతవ్వ, బండారి అని వెతికితే వందమంది వచ్చేవారు.

10 మార్చి

శాంతవ్వతో మాట్లాడాను. ముందు నమ్మలేదు. బొట్టు తీసి ఎనిమిదేళ్ళయిందంది. "మా ఇంటి ముంగట ఏమున్నదో అడుగు బిడ్డా. ఆయనైతే చెప్తడు" అంది.

ఇనాయత్ బర్కా ఫోన్ చేసి అడిగాడు. పగిలిన రోలు, దాంట్లో కోళ్ళకి నీళ్ళు పోసేవాళ్ళం అన్నాడట ఇస్తారి.

ఆమెకి చెప్పాను. "ఎప్పుడు తోలిస్తరు?" అంది.

12 మార్చి

అన్నయ్య తనే ఫోన్ చేశాడు. ఉపాయం దొరికిందన్నాడు. సంతకం పెడతాడట, రెండోది కూడా పెట్టిస్తాడట. కాకపోతే కాగితంలో 'బండారి ఇస్తారి' అని ఉండాలి.

"ఆ పేరు మనకేం పనికొస్తది ఇప్పుడు? గానికియ్యి."

నేను ఛీ అనాలి. ఆలోచిస్తానన్నాను.

ఇనాయత్‌కి చెప్తే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. రంజాన్ ఉపవాసం, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "కార్డులో ఇంటిపేరు లేదు గాబట్టి చెల్తాదిలే అన్నా. అయినా ఈ మాట ఆయప్పకు నేను జెప్పను. నువ్వే జెప్పుకో."

14 మార్చి, శుక్రవారం. సాయంత్రం 5

చెప్పాను.

దారిలో అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "ఇస్తారన్నా, వేరే దారి లేదు" అన్నాను. వేరే దారి ఉంది. మా అన్నయ్యని కాదని నేనే సబ్ కలెక్టర్‌కి రాయొచ్చు. వాగొడ్డు పేరుతో ఉన్న నా పాస్‌పోర్ట్ కాపీ పెట్టి, ఈయన మా ఊరివాడే, ఈ పేరు అసలు ఈయనదే అని నేనే సాక్ష్యం చెప్పొచ్చు. ఇనాయత్ పోయిన వారమే ఆ మాటన్నాడు. ఇన్నాళ్ళూ అది ఈ డైరీలో కూడా రాయలేదు.

ఇస్తారి నవ్వాడు. పళ్ళు లేని నవ్వు. "మీ తాతది నాకు, మా తాతది మీకు. బదులు దీరింది" అన్నాడు.

తర్వాత అడిగాడు, శాంతవ్వ పేరు గూడ మార్పిస్తరా అని. లేదు, ఆమెది భివండీలో ఓటరు లిస్టులోనే ఉందన్నాను.

"ఐతే ఆ పేరు మీద ఒక్కతన్న ఉంటది."

వేలిముద్ర ఎక్కడ వేయాలో అడిగాడు. నేనే చెయ్యి పట్టుకుని వేయించాను. చెట్లెక్కి ఎక్కి బొటనవేలు అరిగిపోయింది. గీతలు సరిగా పడలేదు. రెండుసార్లు వేయించాను.

15 మార్చి

డ్యూటీ ఉంది. వెళ్ళలేదు.

22 ఏప్రిల్

ఔట్‌పాస్ వచ్చింది. బండారి ఇస్తారి. ఎయిర్‌పోర్ట్‌కి ఇనాయత్ కారులో తీసుకెళ్ళాం. టికెట్‌కి మా కంపెనీ కుర్రాళ్ళు తలా కొంచెం వేసుకున్నారు. అందరూ నన్నే మెచ్చుకున్నారు, ఊరి మనిషి కోసం ఎంత తిరిగావన్నా అని. నేను తల ఊపాను.

వీల్ చెయిర్‌లో కూర్చోబెట్టాక ఇస్తారి నా చెయ్యి పట్టుకున్నాడు. ఏదో అంటాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఎండల తిరగకు చిన్న పటేలా" అన్నాడు.

24 ఏప్రిల్

భివండీ చేరాడు. శాంతవ్వ ఫోన్‌లో ఏడుస్తూ నవ్వుతూ మాట్లాడింది. నడవలేడు గాని అన్నం మంచిగ తింటున్నడంది. చివర్న గొంతు తగ్గించి అడిగింది, కిరాణాయన కాగితం చదివితే బండారి అని ఉందట. "మా ఆయన పేరు గట్లెందుకు రాసిన్రు బిడ్డా? ఆయన్ను అడిగితే ఏం జెప్తలేడు."

ఆఫీసులో తప్పు పడిందన్నాను.

"అయ్యో, మల్ల దిద్దరా?"

దిద్దుతారన్నాను.

11 మే

శాంతవ్వ ఫోన్ రెండుసార్లు వచ్చింది. తీయలేదు.

2 జూన్

అన్నయ్య కాగితాలు పంపాడు. ఒడ్డు భూమి అన్నదమ్ముల మధ్య పంచుతున్నారు, బైపాస్ వాళ్ళు రాకముందే. ఉత్తరం వైపు రెండెకరాలు నాకు. ఇక్కడ సంతకం పెట్టి, అటెస్ట్ చేయించి పంపాలి. జాగ్రత్తగా ప్రింట్ తీయించమని రాశాడు.

ప్రింట్ తీయించడానికి హమ్రియా పోలేదు. ఇనాయత్ షాపు ముందునుంచి వెళ్ళాల్సి వస్తుంది. మబేలాలోనే తీయించాను.

6 జూన్, శుక్రవారం

కాగితాలు పెట్టెలో ఉన్నాయి. సంతకం పెట్టనని అనుకున్నాను. సుమలతకి కూడా అదే చెప్పాను. ఆమె సంధ్యకి ఫోన్ ఇచ్చింది. సంధ్య కాలేజీ సంగతులు చెప్పింది. క్లాసులో ముగ్గురు సంధ్యలు ఉన్నారట, మేడమ్ తనని వాగొడ్డు అనే పిలుస్తుందట. "ఆ పేరు ఎట్లొచ్చింది డాడీ? రేపు చెప్పాలె" అంది.

రాతికట్ట కథ చెప్పాను. గుర్రం దిగిన అధికారితో సహా.

19 జూన్

సంతకం పెట్టి పంపేశాను. పూర్తి పేరు రాశాను.