మస్కట్‌లో తెరుచుకున్న పేజీ

బిడ్డా బ్లెస్సీ, ఇంటి దగ్గర మేం బాగానే ఉన్నాం, దిగులు పడకు.

నీ ధర్మపురి హాస్టల్లో ఫోన్ ఇవ్వరు కాబట్టి ఈ వార్త కార్డు మీద రాస్తున్నాను. కోరుట్లలో కంప్యూటర్ నేర్చుకుంటున్నాను కదా, నిన్న మన కుట్టుపనికి వెబ్ పేజీ చేశాను! బాణం మొనల్లాంటి గుర్తుల మధ్య చిన్న మాట రాసి, పక్కనే నా పేరు రాస్తే, అది తెరమీద పెద్దగా నిలబడింది. ఆ గుర్తును మళ్లీ మూయడం మరిచేసరికి కింది అక్షరాలన్నీ దుకాణం బోర్డంత అయ్యాయి. భయపడి చేతులు తీసేశాను. నేర్పే సరితక్క నవ్వి, "ఏం గాదు రాధికా, గా గుర్తు మూసెయ్యి" అన్నది. మూయగానే అన్నీ బుద్ధిగా సర్దుకున్నాయి.

సాయంత్రం అక్క దాన్ని నెట్‌లో పెట్టింది. మస్కట్‌లో మీ నాన్న ఫోన్‌లో తెరిచి, పైనుంచి కిందిదాకా చదివాడు. తర్వాత నాకు ఫోన్ చేసి, "గిదంత నువ్వే రాసినవా? గీడ రూముల అందరికి సూపిస్తున్న" అన్నాడు. సముద్రం అవతల నా పేరు చదువుతున్నారంటే ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

నీ దగ్గు తగ్గిందా? మంచి గౌను బొమ్మ గీసి పంపు, పేజీలో నీ పేరుతో పెడతాను. బొమ్మ పెట్టడం నాకింకా రాదు. నీ బొమ్మ ఇక్కడికి వచ్చేలోపు నేర్చుకుంటాను.

యేసయ్య నీకు తోడుండాలి.

మీ అమ్మ, రాధిక