సూదికి పిచ్చా, నా కళ్లకు మసకా?

ఆర్మూరు, ఏప్రిల్ 7

సర్వీసు మేనేజరు గారికి,

ఆర్మూరు నుంచి హన్మయ్య నమస్కారం చేసి, కోపాన్ని కాసేపు పక్కన పెట్టి రాస్తున్న ఉత్తరం.

మీ నంబరుకు ఫోన్ చేస్తే ఒక యంత్రం నన్ను ఒకటి నొక్కమంది, తర్వాత నాలుగు నొక్కమంది, ఆపైన పాట వినిపించింది. డెబ్బై రెండేళ్ల మనిషిని పాట పాడి నిద్రపుచ్చుదామనుకున్నారేమో. అందుకే రిజిస్టర్డ్ పోస్టులో రాస్తున్నాను. జవాబు కూడా ఉత్తరంలోనే రావాలి. ఫోన్లో అన్న మాటను రేపు అనలేదనవచ్చు. సంతకం చేసిన కాగితం మాట తప్పదు.

ఫిబ్రవరిలో మీ దగ్గర కొన్న తెల్లకారులో ఇంజను వేడి చూపే సూదికి స్థిమితం లేదు. బయలుదేరిన పది నిమిషాలకే ఎర్రగీత ముట్టుకుంటుంది. నేను బండి ఆపేలోపు దిగువకు జారి ఏమీ ఎరగనట్టు కూచుంటుంది. మొన్న బాల్కొండలో పెళ్లికి నా భార్య నీలవ్వను, ఆమె తమ్ముడు భీమ్‌రావును ఎక్కించుకుని వెళ్తూ హైవే మీద మూడుసార్లు ఆగాను. మేము చేరేసరికి తాళి కట్టడం అయిపోయి, జనం రెండో బంతిలో తింటున్నారు. భీమ్‌రావు విస్తరి ముందు కూచుని అందరికీ వినబడేలా అన్నాడు: "సూది మంచిగనే ఉన్నది. బావకే కండ్లు మసకవట్టినయ్."

నవ్వారు. నేను నవ్వలేదు. అక్కడే పెద్దమనుషుల ముందు ఒప్పందం జరిగింది. బండిలో దోషం లేదని మీరు కాగితం మీద రాసిస్తే, నేను తాళంచెవి భీమ్‌రావుకు అప్పగించి, ఇకమీదట పక్క సీటులో కూచోవాలి. దోషం ఉందని రాస్తే వాడు అదే జనం ముందు తన మాట వెనక్కి తీసుకోవాలి. కనుక మీ జవాబు మీద నా మిగిలిన ఆయుష్షు ఏ సీటులో గడుస్తుందో ఆధారపడి ఉంది. ఆలోచించి రాయండి.

ఇట్లు,
ఇంకా స్టీరింగు వెనకే ఉన్న
హన్మయ్య

తా.క. బండితో ఇచ్చిన పుస్తకం మూడుసార్లు చదివాను. తెలుగు అక్షరాలు వాడినంత మాత్రాన అది తెలుగు కాదని రాసినవారికి చెప్పండి.

నిజామాబాద్, ఏప్రిల్ 12

గౌరవనీయులైన హన్మయ్య గారికి,

సర్వీసు మేనేజరు వాణి నమస్కరించి రాయునది.

మీరు ఇక్కడికి తెచ్చి చూపించిన వాహనాన్ని మా సీనియర్ మెకానిక్ సాలోమోను నిన్న పరీక్షించారు. కంప్యూటరు పెట్టి చూస్తే ఏ లోపమూ కనబడలేదు. షెడ్డులో అరగంట ఇంజను నడిపినా సూది మధ్యలోనే నిలిచింది. ఒక్కోసారి ఎండ మీటరు అద్దం మీద పడి సూది ఉన్నచోట కాక వేరేచోట ఉన్నట్టు అనిపించవచ్చు. వీలైతే ఒకసారి కంటి పరీక్ష చేయించుకోగలరని మనవి.

మీ సేవలో,
వాణి

తా.క. ఫోను పాట గురించి మీ ఫిర్యాదు యజమాని గారికి చేరవేశాను. అది పాడింది వారి అమ్మాయే.

ఆర్మూరు, ఏప్రిల్ 15

మేనేజరు వాణి గారికి,

కంటి పరీక్ష చేయించుకోమన్నందుకు కృతజ్ఞతలు చెప్పని హన్మయ్య రాస్తున్నది.

మీ ఉత్తరం వచ్చినప్పుడు నేను పేపరు చదవడానికి గ్రంథాలయానికి వెళ్లాను. పోస్ట్‌మ్యాన్ చేతినుంచి అందుకున్నది ఎవరో ఊహించండి. నేను తిరిగొచ్చేసరికి భీమ్‌రావు మా అరుగు మీద కూచుని దాన్ని నలుగురికి చదివి వినిపిస్తున్నాడు. "ఇగో బావా, కంటి దవాఖానకు పొమ్మని వాళ్లే రాసిండ్రు. తాళంచెవి తే!" అని చెయ్యి చాపాడు. మీరు ఒకరోజు నీడలో చూసినంత మాత్రాన తీర్పు కాదని వాదించి, ఏప్రిల్ ముప్ఫై దాకా గడువు సంపాదించాను.

అమ్మా, నేను ఆర్మూరు పసుపు మార్కెట్లో నలభై ఏళ్లు సరుకు నాణ్యత చూసినవాణ్ణి. కొమ్ము విరిచి రంగు చూసి, ఏ పొలంలో ఉడకబెట్టినప్పుడు మంట ఎక్కువైందో చెప్పేవాణ్ణి. నాకు వేడి గురించి మీ కంప్యూటరు చెప్పాలా? మీ షెడ్డులో నిలబెట్టి చూడటం ఏమిటి, ఆ సూది బండి నడిచేటప్పుడు తిరుగుతుంది గాని!

నేనే పరీక్ష చేశాను. జక్రాన్‌పల్లి దాకా పోయి, సూది ఎర్రగీత మీద ఉన్నప్పుడు బండి ఆపి బానెట్ ఎత్తి రేడియేటర్ పైపు మీద చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉంది. తిరుగుదారిలో సూది చల్లగా ఉందని చెప్పినప్పుడు మళ్లీ పెట్టాను. చెయ్యి కాలింది. ముట్టుకోవద్దని పుస్తకంలో రాశారు, తెలుసు. ముట్టుకున్నాను. బొబ్బకు మసక ఉండదు. సూది అబద్ధం చెబుతోందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏ కోర్టూ అడగదు.

మీ మెకానిక్‌ను ఆర్మూరు పంపండి. నేను పక్క సీటులో కూచుంటాను. ఆ ఒక్కరోజుకే.

ఇట్లు,
బొబ్బెక్కిన చేత్తోనే రాసిన
హన్మయ్య

తా.క. అమ్మాయి పాడిందని తెలియక అన్నాను. ఇప్పుడు తెలిసి కూడా అదే అంటున్నాను.

నిజామాబాద్, ఏప్రిల్ 20

హన్మయ్య గారికి,

వాణి తలవంచి, ఆ తర్వాత కొంచెం తల ఎత్తి రాయునది.

మీ కళ్లను అనుమానించినందుకు క్షమించండి. సాలోమోను మీతో బాల్కొండ దాకా వచ్చినప్పుడు సూది మీరు చెప్పినట్టే తిరిగింది. బండిని ఇక్కడికి తెచ్చి ఇంజనును చల్లబరిచే కూలెంట్ డబ్బా మూత విప్పారు. కొత్త బండి కాబట్టి ఇంతకుముందు ఆ మూత విప్పలేదు. లోపల అడుగున పసుపుపచ్చని బురద పేరుకుని ఉంది. అదే ఇంజనులోకి పోయి, వేడిని పసిగట్టే సెన్సర్ మీద పొరలా అతుక్కుంది. రేడియేటర్ కూడా సగం మూసుకుపోయింది.

ఆ బురద వంటింటి పసుపు. పాత లారీల, ట్రాక్టర్ల రేడియేటర్ కారితే చిల్లి పూడటానికి పసుపు పొడి పోయడం ఉందని సాలోమోను చెప్పారు. కొత్తకారులో ఎవరూ పోయరు. ఆర్మూరు పసుపుకు పేరున్న ఊరు. ఇంతకంటే నేను రాయను. బయటి పదార్థం కలిస్తే వారంటీ వర్తించదు. సాక్ష్యంగా బురదను సీసాలో పోసి పంపుతున్నాను.

ఇట్లు,
వాణి

తా.క. దారి పొడుగునా బండి ఎలా నడపాలో మీరు సాలోమోనుకు నేర్పారట. ఆయన ఇరవై ఆరేళ్లుగా నడుపుతున్నారు.

ఆర్మూరు, ఏప్రిల్ 22

షోరూము వారికందరికీ,

అభియోగాన్ని అందుకుని, అంతే వేగంగా తిప్పి పంపుతున్న హన్మయ్య రాసేది.

మా ఊళ్లో పసుపు పండుతుంది కాబట్టి మీ డబ్బాలో పసుపు నేనే పోశానా? రేపు బురదలో ఉప్పు దొరికితే సముద్రాన్ని పిలిచి అడుగుతారా?

మీ సీసా వచ్చిన రోజు కూడా భీమ్‌రావు ఇక్కడే ఉన్నాడు. వాడికి వేరే పనిలేదు. ఉత్తరం విని, గొంతు తగ్గించి, జాలిగా అన్నాడు: "కండ్లు గాదక్కా, బావకు మతే పోతున్నది. తనే పోసి మర్చిపోయిండు. జర యాది జేస్కో బావా." నీలవ్వ వంటింట్లోకి వెళ్లిపోయింది. వాడు తిట్టినా సహించేవాణ్ణి. ఆ జాలి ఉందే, అది నా ఒంటికి పడదు. మొన్నటిదాకా కళ్లు మాత్రమే పోయినవాణ్ణి, మీ ఉత్తరంతో జ్ఞాపకం కూడా పోయినవాణ్ణయ్యాను.

ఆ బురదను గుడ్డలో వడకట్టి, ఎండబెట్టి, వేళ్ల మధ్య రుద్ది, వాసన చూశాను. వినండి. అది ఆర్మూరు పసుపు కాదు. పాలిపోయిన రంగు, చచ్చిన వాసన, సగానికి సగం పిండి. ఏదో దుకాణంలో అమ్మే పొట్లం సరుకు. నా పెళ్లయి యాభై ఏళ్లు. ఇన్నేళ్లలో అలాంటి పొడి నా గడప దాటి లోపలికి రాలేదు. కనుక పోసింది మీవాళ్లే. గోదాము నుంచి తెచ్చేటప్పుడు రాయి తగిలి కారి ఉంటుంది. మీ డ్రైవరో, ఆ సాలోమోనో పొట్లం పోసి కొత్తబండి అని నాకు అంటగట్టారు. వేరే కారు ఇవ్వండి. లేకుంటే వినియోగదారుల కోర్టులో కలుద్దాం.

ఇట్లు,
మతి పూర్తిగా ఉన్న
హన్మయ్య

తా.క. ఈ ఉత్తరం నకళ్లు ఆరు తీశాను. ఎవరెవరికి పంపాలో ఇంకా నిర్ణయించుకోలేదు. మీరు భయపడుతూ ఉండండి.

నిజామాబాద్, ఏప్రిల్ 26

హన్మయ్య గారికి,

రెండు రాత్రులు నిద్రలేని వాణి రాయునది.

మీ ఉత్తరం చూసి సాలోమోను అన్నం మానేశారు. "చర్చిల నిలవడి ప్రమాణం జేస్త మేడం. గాయన పెద్దమనిషి, గట్ల రాయొచ్చా?" అని బాధపడ్డారు. అయినా మీ మీద కోపంతో కాక, పంతంతో ఆ డబ్బాను కోసి చూశారు. పసుపు ఒక్కసారి పోసింది కాదు. ఐదారు పొరలు ఉన్నాయి. పైపొర పది రోజుల నాటిది కూడా కాదు. అంటే బండి మీ ఇంటి ముందు ఉండగానే ఎవరో మళ్లీ మళ్లీ పోస్తున్నారు.

సాలోమోను ఒక ప్రశ్న అడగమన్నారు. బండి నిలిపిన చోట కింద నీళ్లు కారడం మీ ఇంట్లో ఎవరైనా చూశారా? చూసి ఉంటే, అవి రేడియేటర్ నీళ్లు కావు. ఏసీ వేసి తిరిగితే గాలిలోని తేమ నీరై కిందికి కారుతుంది. ప్రతి బండికీ కారుతుంది. ఆ రేడియేటర్‌కు ఎక్కడా చిల్లి లేదు.

ఇట్లు,
వాణి

తా.క. మేము భయపడుతూనే ఉన్నాం.

ఆర్మూరు, మే 9

అమ్మా వాణీ,

ఈ ఉత్తరాన్ని నాలుగుసార్లు మొదలుపెట్టి చింపిన హన్మయ్య ఆశీస్సులతో రాసేది.

గడువు రోజున, అంటే ఏప్రిల్ ముప్ఫైన, భీమ్‌రావు పొద్దున్నే వచ్చాడు. పెళ్లిలో నవ్విన పెద్దమనుషుల్ని ముగ్గురిని వెంటబెట్టుకొచ్చాడు. వాదించడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. ఎవరో పోశారు, అది నా ఇంటి ముందే జరిగింది, నేను పోయలేదని రుజువు చేయలేను. చివరి ఆయుధంగా మీ ఉత్తరం చదివి వినిపించాను. వాడు విని, "ఇంకెవలు పోస్తరు బావా? నువ్వే" అన్నాడు. బండి మీ షెడ్డులోనే ఉన్నా, ఇంట్లో ఉన్న రెండో తాళంచెవి తీసి వాడి చేతిలో పెట్టాను.

అప్పుడు నీలవ్వ బయటికొచ్చింది.

"గా తాళంచెవి ఇటు తే తమ్మీ. పోసింది నేను."

ఎవరూ అడగకముందే మిగతాదీ చెప్పింది. "బండి ఒచ్చిన వారానికే కింద నీళ్లు కారినయ్. గీయన ఊరంత తిరిగి, నేను ఏరుకొచ్చిన బండి, నేను ఏరుకొచ్చిన బండి అని చెప్పుకున్నడు. కొత్త బండి కారుతున్నదంటే మీరంత ఊకుంటరా? ఆడిపోసుకోరా? గందుకే ట్రాక్టర్ కారితే ఏం జేస్తవురా అని నిన్నే అడిగిన. ఇంత పసుపు పోస్త అక్కా అన్నవు. ఈయన పేపర్ సదువ పోయినంక మూత దీసి పోసిన. నీళ్లు ఆగకపాయె. మల్ల పోసిన."

భీమ్‌రావు నోరు తెరిచాడు. "నేను ట్రాక్టర్ అనుకున్న గదనే అక్కా!"

"అనుకో. కండ్లు ఈయనకు మసకలేవు, మతి పోలే. నీ మాట ఇని నేను ఖరాబ్ జేసిన. గిప్పుడు నువ్వు మాట వాపస్ తీస్కో."

తీసుకున్నాడు. ముగ్గురి ముందు. నేనైతే మూడుసార్లు తీసుకోమనేవాణ్ణి, ఆమె ఒక్కసారితో వదిలేసింది. తాళంచెవి వాడి చేతిలోంచి తీసుకుని నా జేబులో ఆమే వేసింది.

నేను ఉండబట్టలేక అడిగాను: "సరే పోస్తే పోసినవు. గా పొట్లం పొడి ఎక్కడిది?"

"ఇంట్ల పండిన పసుపు ఇంజన్ల పోస్తనా? దుకాణంల తెచ్చిన" అంది, నాకు బుద్ధి లేనట్టు చూసి.

కనుక, అమ్మా, నా ముక్కు చెప్పింది నిజం. నా కళ్లు చూసింది నిజం. నా చెయ్యి కాలింది నిజం. ఆ మూడింటినీ పట్టుకుని నేను రాసిన తీర్పు మాత్రం తప్పు. సాలోమోనుకు క్షమాపణ చెబుతున్నాను, ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించండి. మీరు మార్చి పంపిన రేడియేటర్, సెన్సర్ ఖర్చు నాదే, వారంటీ అడగను. కోర్టు మాట మరిచిపోండి. కానీ ఎండ అద్దం మీద పడిందని మీరు రాసిన మొదటి ఉత్తరం తప్పేనని ఒక ముక్క రాసి పంపండి. అంతమాత్రం నాకు రావాలి.

నాకు అన్యాయం చేసినవాళ్లు ఈ జిల్లాలో కనీసం ముప్ఫైమంది ఉన్నారు. అందరి పేర్లూ నోటికి వచ్చు. నా పక్షాన నిలబడి తప్పు చేసిన మనిషి మాత్రం ఈ ఒక్కతే. ఆమె మీద ఎలా కోప్పడాలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

ఇట్లు,
స్టీరింగు వెనక ఉన్న
హన్మయ్య

తా.క. కింద కారేవి ఏసీ నీళ్లేనని ఆమెకు మీ ఉత్తరం రెండుసార్లు చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "గట్లయితే ఏసీ ఎయ్యకు" అంది. ఈ ఎండలో అద్దాలు దించుకుని తిరుగుతున్నాం. సూది మధ్యలో కదలకుండా నిలబడింది. వేడెక్కుతున్నది నేనొక్కణ్ణే.