సున్నం కింది గీత

నంద్యాల,
ఆదివారం.

ప్రభువునందు ప్రియమైన నతానియేలు గారికి మీ ప్రియదర్శిని వందనాలు చెప్పి రాసేది. దేవుని కృపతో అత్త, మన పాప షాలిని, నేను బాగానే ఉన్నాం. చెన్నై ఎండలకు మీ ఒళ్లు ఎలా ఉందోనన్న దిగులు ఒక్కటే.

పోయిన ఉత్తరంలో అడిగినవి ముందు చెప్తాను. అత్త మోకాలు అలాగే ఉంది, కుంటుతూనే చర్చికి పోతోంది. షాలిని లెక్కల పరీక్ష బాగా రాశానంటోంది, నమ్మాలి మరి. నాకు ఆళ్లగడ్డ బడి నుంచి బదిలీ రాలేదు. సాయంత్రం బస్సులో సీటు దొరికితే చాలు, కునుకు పడుతోంది. మొన్న మన స్టాపు దాటిపోయాను కూడా.

మీరు పదేపదే అడిగిన సంగతి. ట్రిబ్యునల్ పంపిన కమిటీ మంగళవారం వచ్చింది. మీరు షిఫ్టులు మార్చుకుని గ్రీన్ ట్రిబ్యునల్ చుట్టూ తిరిగి, పేట తరఫున వేసిన అప్పీలు కదా, నేను సెలవు పెట్టి మరీ ఉన్నాను. వంక అవతలి పొలానికి మట్టి తోలి, ఎత్తు చేసి అపార్ట్‌మెంట్లు కడితే నీళ్లన్నీ మన ఇళ్ల మీద పడతాయని మన గోడు. ఇటువైపు వరదే రాదని కంపెనీ రిపోర్టు. ఆ రిపోర్టు చూసే పర్యావరణ అనుమతి ఇచ్చేశారు.

పోయిన వానాకాలంలో కుందూ నది ఎదురు తన్ని వంక పొంగినప్పుడు, మామ సమాధి మీద శిలువ చేతుల దాకా బురద గీత పడింది. కమిటీ వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి మీరు రైలెక్కారు.

కమిటీ మేడం వచ్చేసరికి సమాధుల తోటంతా తెల్లగా మెరిసిపోతోంది. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని అడిగితే మన సంఘ పెద్ద మత్తయి శిలువ మీద చెయ్యి పెట్టి, “ఈడిదాకా మేడమ్” అన్నాడు.

కంపెనీ ఆయన నవ్వాడు. “యాడుందప్పా గీత? సున్నమే గదా కనపడతాండేది!”

సెల్లులో ఫోటోలు చూపిస్తే, “ఇవి యాడ తీసినారో ఎవరికి తెలుసు?” అన్నాడు. మేడం మాత్రం ఈస్టర్ తర్వాత ఇంకోసారి చూసి రిపోర్టు రాస్తామంది.

పేటంతా అత్త మీద పడింది. పండుగకు సమాధులకు సున్నం వేయించేది ఏటా ఆమే కదా. మత్తయి అయితే, “ఏందమ్మా ఏసమ్మా, నీ తొందర మా కొంప ముంచిందే!” అనేశాడు. అత్త తల వంచుకుని ఆ మాటలన్నీ పడి, కుంటుతూ ఇంటికి వచ్చేసింది.

ఏమండీ, ఇది ఫోన్లో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. ఆ సున్నం వేయించింది నేను.

మీ మాట గుర్తుండే వేయించాను. అత్త చెప్పిందని అబద్ధమాడి మనిషిని పిలిచాను. పెద్ద ఆఫీసర్లు వస్తున్నారంటే మనవాళ్ల సమాధులు బురదతో చూపించడానికి మనసు రాలేదు. పేటకు పెద్దలు వస్తే వాకిలి కడిగి, ఉతికిన బట్టలు కట్టుకుని నిలబడటమే నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పేటోళ్ల పిల్లనని బడిలో ముక్కు మూసుకున్న వాళ్లను నేనింకా మరిచిపోలేదు. మామ సమాధి ఒక్కటి వదిలేద్దామనుకున్నాను. అన్నీ తెల్లగా అయ్యాక అదొక్కటే మురికిగా కనిపించింది. దానికి నా చేత్తోనే వేశాను. ఎంత సిగ్గుపడి బతికామండీ. అలసిపోయాను.

నిన్న బస్సు దిగి వచ్చేసరికి అత్త ఇంట్లో లేదు. తోటకు పోయి చూస్తే, ఆ మోకాలితోనే మామ సమాధి దగ్గర కూర్చుని పాత కత్తితో సున్నం గీకుతోంది. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

“నాకు తెల్దా? నీ కొంగుకు సున్నం సూసినాలే” అంది.

“మరి అన్ని మాటలు ఎందుకు పడ్డావత్తా?”

“నేను ముసల్దాన్ని, తిట్టి వదిలేస్తారు. నువ్వు టీచరమ్మవి. నిన్ను అంటే ఓర్సుకోలేవు.”

గీకేకొద్దీ గీత బయటపడింది, శిలువ చేతుల దాకా. అత్త కొంగుతో పొడి తుడిచింది.

“పండక్కి ఇట్లే ఉండనీ. మీ మామ బతికినన్నాళ్లు ఏ ఆఫీసరు ముందరా నోరు తెరవలా. ఇప్పుడన్నా సాక్ష్యం చెప్పనీ.”

మత్తయికి రేపు నిజం చెప్తాను. ఈస్టర్ పొద్దున పేటంతా తెల్లటి సమాధుల దగ్గర పూలు పెడుతుంటే, నేను ఆ బురద గీత పక్కన నిలబడతాను. నన్ను ఎంతైనా కోప్పడండి. సెలవు దొరికితే మాత్రం వచ్చి నా పక్కన నిలబడండి.

ఇట్లు,
మీ భార్య
ప్రియదర్శిని