కూలివాడ బియ్యం

1949 జూన్ 12, ఆదివారం
సూర్యాపేట

అన్నా,

పొద్దున్నే ఊరవతలి కూలివాడ నుంచి వచ్చి లచ్చమ్మ బియ్యం కుండతో మన వాకిట్లో నిలబడి ఉంది. సర్కారును అడగకుండా మనమే బడి కట్టుకుందామని నువ్వు మొదలుపెట్టిన పద్ధతి, నువ్వు పోయి ఏడాదైనా ఆగలేదు. ఇంటింటా వంటకు ముందు పిడికెడు బియ్యం తీసిపెడుతున్నారు. అవి అమ్మిన డబ్బుతోనే గోడలు లేపాం. ఇప్పుడు బడి కమిటీకి పెద్ద అయిన పటేలు కూలివాడ బియ్యం వద్దన్నాడట.

"గోడలకు పనికొచ్చినయి, కప్పుకు పనికిరావా బిడ్డా?" అంది లచ్చమ్మ.

నేను పటేలు దగ్గరికి వెళ్లాను. ఆయన నవ్వుతూ అరటిపండు చేతిలో పెట్టాడు.

"గా బియ్యం తీస్కుంటే రేపు వాళ్ల పిల్లలు మన పిల్లల పక్కన కూసుంటమంటరు. కప్పు ఖర్చు నేనిస్త. మీ అన్న పేరు రాయి మీద చెక్కిస్త, సరేనా?"

"మా అన్న పేరు చెక్కకుండ్రి పటేలా," అన్నాను.

అసహ్యం అనే మాటకు అర్థం ఎప్పుడో నేర్చుకున్నాననుకున్నాను. ఆ పండు పట్టుకున్న చేతిని ఇంటికొచ్చి ఎంత కడిగినా తృప్తి కలగలేదు.

రేపు పొద్దున బడి కోసం నువ్వు దాచిన నల్లబల్ల తీసుకుని కూలివాడకు వెళ్తాను. లచ్చమ్మ మనవరాలి చేత మొదట 'అ' దిద్దిస్తాను.