పాలు అంటిన వేళ్లు

మంగళవారం, పుంగనూరు

సాయంత్రం మా కుక్కపిల్ల మనవరాలి వేలు కొరికింది. కోపంతో కాదు, పాప చేతికి పాలన్నం అంటి ఉంది. అయినా రక్తం వచ్చింది. సబ్బుతో కడిగి, ఆస్పత్రికి తీసుకెళ్లి సూది వేయించాం.

"రేపు పొద్దున్నే పలమనేరు కాడ ఇడిసిపెట్టి వస్తా. కరిసేదాన్ని ఇంట్లో పెట్టుకుంటామా?" అన్నాడు మా ఆయన.

పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. "దాన్ని కొట్టొద్దమ్మా. నోరు పెడితే ఆట ఆపేసి లేసిపోండి. నమిలేదానికి తాడుముక్క ఇయ్యండి. అయినా యేళ్లు కొరికే అలవాటు దానికి ఎవురు చేసినారు?" అన్నాడు. సరేనని ఫోన్ పెట్టేశాను.

రెండు పూటలా ఆవు పాలు పితికి, నురగ అంటిన వేళ్లు దాని నోట్లో పెట్టింది నేనే. అది నములుతుంటే ముద్దొచ్చేది.

పాపకు జ్వరం వస్తుందేమోనని ఇప్పటికి మూడుసార్లు నుదురు తాకి చూశాను. లేదు.

కుక్కపిల్లను వేసుకుపోవడానికి ఆయన వసారాలో గోనెసంచి తీసి పెట్టాడు. అది ఆ సంచి మీదే ముడుచుకుని నిద్రపోతోంది. పొద్దున ఆయన లేవగానే తప్పు నాదని చెప్పాలి. చెప్తానా?